ఫుల్లేనా?

తెనాలి స్టేషన్ బయటికి వచ్చేసరికి ఎదురుగా ఆయనే ఉన్నాడు. ఫ్లెక్సీలో. నిలువెత్తు మనిషి, రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. పైనుంచి గులాబీ రేకులు రాలుతున్నట్టు ఎవరో కంప్యూటర్లో అతికించారు. కింద "అందరికీ దారి చూపిన మహామనిషికి అశ్రునివాళి" అని పెద్ద అక్షరాలు. ఆటో అతను "ఎక్కడికమ్మా?" అని అడిగితే కళ్యాణ మండపం పేరు చెప్పాను. నోట్లో ఉమ్ము ఊరింది. మింగుదామంటే మింగబుద్ధి కాలేదు.

పోయినవాళ్ళ గురించి చెడ్డగా రాయకూడదని మా ఇంట్లో అంటారు. రాయకపోతే ఆ ఫ్లెక్సీ ఒక్కటే మిగిలిపోతుంది. అందుకని రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. దాన్ని ఇప్పటికే ఊరంతా కట్టారు.

నాకు రోత పుట్టింది ముఖాన్ని చూసి కాదు, ఆ జోడించిన చేతుల్ని చూసి. కేబుల్ చివర పిన్ను బిగించే క్రింపింగ్ టూలు ఒకటి ఉంటుంది. దానికి చిన్న బ్లేడు ఉంటుంది. ఆయన ఆ బ్లేడుతో గోళ్ళు తీసుకునేవాడు. తీసుకుని, ఉఫ్ మని ఊది, అదే టూలు మన చేతికిచ్చేవాడు. వైరు పైతోలు పళ్ళతో ఒలిచి సర్వర్ రూంలోనే ఉమ్మేవాడు. మిరపకాయ బజ్జీలు తిని నూనె వేళ్ళు ర్యాక్ తలుపుకి రాసేవాడు. అన్నిటికంటే నేను భరించలేనిది మరొకటి. ఏ పని అయినా అయిపోయాక జేబులోంచి రుమాలు తీసి, తడిలేని చేతుల్ని పొడిగా తుడుచుకునేవాడు. నెమ్మదిగా, వేలు వేలూ విడదీసి తుడిచేవాడు. చూసినవాళ్ళు ఆయనేదో పెద్ద పని చేసి చేతులు కడుక్కొచ్చాడనుకునేవాళ్ళు.

ఇంతకీ ఆ రోజు నేను తెనాలి వెళ్ళింది ఆయన కోసం కాదు, సుభాషిణి కోసం. మా నెట్ కంపెనీకి తెనాలిలో హెడ్డాఫీసు, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి బ్రాంచీలు ఉన్నాయి. ఆయన తెనాలిలో నెట్‌వర్క్ హెడ్డు. నేను బాపట్ల చూసుకుంటాను. రేపల్లె సుభాషిణి చూసుకునేది. వాళ్ళది నిజాంపట్నం వైపు బోట్ల మీద బతికే కుటుంబం. ఆ ఇంట్లో ఇంజనీరింగ్ చదివిన మొదటి మనిషి ఆవిడే. ఒక రోజు రేపల్లెకి నెట్ రాకుండా పోయింది. తప్పు ఆమెదేనని తేల్చి ఉద్యోగంలోంచి పంపేశారు. అప్పట్నుంచి ఈ మూడు ఊళ్ళలో ఏ ఆఫీసుకి వెళ్ళినా "రేపల్లె లింకు పడగొట్టిన అమ్మాయివి నువ్వేనా?" అనే అడుగుతున్నారు. ఇప్పుడొక రొయ్యల మేత కంపెనీ వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. అయితే ముందు తెనాలి ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుంటామన్నారు.

నేను ఆయన పెద్దకర్మకి వెళ్తున్నానని తెలిసి సుభాషిణి ఫోన్ చేసింది. "అక్కా, ఆయన్ని నువ్వు పొగుడు, తిట్టు, నాకనవసరం. ఆ రోజు తప్పు నాది కాదని ఆ ఒక్క మాట అందరి ముందూ అను. చాలు" అంది. అంటానని మాటిచ్చాను.

ఆయన పాఠం బాగా చెప్పేవాడు. ఇది ఒప్పుకోవడం నాకు మరీ వెగటు. చేరిన కొత్తలో నాకూ సుభాషిణికీ ఆయనే నేర్పాడు. రూటర్లంటే దారి చూపే పెట్టెలు. ప్రతి పెట్టె తన పొరుగున ఎవరున్నారో చెబుతుంది. ఆ మాటలన్నీ పెట్టె నుంచి పెట్టెకి చేరి, అందరి దగ్గరా ఒకటే పటం తయారవుతుంది. ఆ పటం చూసుకుని ఎవరి దారి వాళ్ళు వెతుక్కుంటారు. ఇంతవరకూ ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. పొరుగు అన్ని చోట్లా ఒకే రకంగా ఉండదన్న సంగతి మాత్రం ఆయన టీ తాగుతూ చెప్పాడు. టీ తనది కాదు, నాది. తన బిస్కెట్టు నా కప్పులో ముంచుకుంటూ చెప్పాడు.

"ఇప్పుడీ గదిలో మనమంతా ఉన్నాం. ప్రతివాడూ ప్రతివాడికీ తన కబురు చెప్పుకుంటూ కూర్చుంటే ఇది ఆఫీసా, చేపల బజారా? అందుకని ఒక పెద్దని ఎన్నుకుంటాం. మీ కబురు పెద్దకి చెప్పండి, పెద్ద అందరికీ చెప్తాడు. పక్కన ఉపపెద్ద ఒకడుంటాడు. వాడు అన్నీ వింటాడు, నోరు మాత్రం తెరవడు. పెద్ద పలకడం మానేసిన రోజున కుర్చీ వాడిది. ఎక్కిందా?"

"మరి ఇద్దరే ఉంటే అండి?" అని సుభాషిణి అడిగింది.

"ఇద్దరే ఉంటే పెద్దెందుకే? తాడుకి ఆ కొసనొకడు, ఈ కొసనొకడు. వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకుంటారు. దాన్ని పాయింట్ టు పాయింట్ అంటారు. ఎన్నికా లేదు, గిన్నికా లేదు."

ఆ మాట ఆయన నోటితోనే అన్నాడు. అందుకే తెలియక చేశాడని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మూడో రకం మా ఊళ్ళ మధ్య ఉండేది. తెనాలి నుంచి బాపట్లకీ రేపల్లెకీ లైన్లున్నాయి గాని, బాపట్లా రేపల్లే ఒకదాన్నొకటి చూడలేవు. గదిలోలాగా కేకేస్తే అందరికీ వినపడే చోటు కాదది. ఎవరితో మాట్లాడాలో ఒక్కొక్కరి చిరునామా మనమే ఎక్కించాలి. పెద్ద కూడా నడిమధ్యన ఉన్న తెనాలే కావాలి. కొసన ఉన్నవాడు పెద్దయితే ఇంకో కొసకి కబురు చేరదు. అందుకని మా పెట్టెలకి ప్రయారిటీ జీరో పెట్టాలి. జీరో ఉన్నవాడు ఎన్నికలో నిలబడడు. పద్ధతి సరైనదే, నేనూ అలాగే పెడతాను. ఆయన మాత్రం పెట్టెకి పెట్టాల్సింది మనుషులకి పెట్టాడు. మీటింగులో మేము అడుగుపెట్టగానే "రండి రండి, జీరోలొచ్చాయి" అనేవాడు. "ఏంటమ్మా బాపట్ల జీరో, ఎండలు ముదిరాయా మీ సూర్యలంకలో?" అనేవాడు. నేను ఓనరుగారితో నేరుగా మాట్లాడితే ఆయనకి గిట్టేది కాదు. "అందరితో నీకెందుకు? నాతో చెప్పు, నేను చెప్తాను" అనేవాడు. ఆయనకి చెప్పినవేవీ అవతలికి చేరేవి కావు. చేరినా ఆయన సొంత ఆలోచనలుగా చేరేవి.

రోజూ పొద్దున్నే ఫోన్ వచ్చేది. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు. "ఫుల్లేనా?" అంతే. పొరుగు పెట్టెతో పరిచయం పూర్తిగా కుదిరితే తెర మీద ఫుల్ అని పడుతుంది. అది పడిందా లేదా అని అడగడం. "ఫుల్లేనండి" అనాలి. ఆ మాట ఆయనకి ఎంత నచ్చిందంటే అన్నిటికీ అదే వాడేవాడు. భోజనం ఫుల్లేనా, రైలు ఫుల్లేనా. మా ఇంట్లో చావు జరిగి సెలవు పెట్టి తిరిగొచ్చిన రోజున కూడా "ఏంటి, కర్మకాండలు ఫుల్లేనా?" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

రిటైరయ్యే వయసు వచ్చి దాటిపోయింది, ఆయన కదల్లేదు. ఎవరో ఆ మాటెత్తితే కుర్చీలో వెనక్కి వాలి, పెట్టెలు మాట్లాడుకునే పద్ధతి, అదే ప్రోటోకాల్, చెప్పాడు. "పెద్ద కుర్చీలో ఒకడు కూర్చున్నాక, వాడికంటే ఎక్కువ ప్రయారిటీ ఉన్నవాడొచ్చినా వీడు లేవక్కర్లేదు. పోతేనే ఖాళీ. రూల్లోనే ఉంది." ఓనరుగారు పగలబడి నవ్వారు. మా హెడ్డు వెనక నీడలా నిలబడే అసిస్టెంటు కూడా నవ్వాడు. చప్పుడు చెయ్యకుండా నవ్వాడు.

ఇక రేపల్లె రోజు. తెనాలికీ రేపల్లెకీ మధ్య కొత్తగా సొంత ఫైబరు వేశారు. రెండే కొసలు. తాడు లెక్క. సుభాషిణి తన కొసన పాయింట్ టు పాయింట్ అని పెట్టింది. ముందు అనుకున్నదీ అదే. తెనాలి కొసన ఈయన గది లెక్క పెట్టాడు. పెద్దని ఎన్నుకునే గది. ఎందుకు పెట్టాడో ఆయన మనస్తత్వం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెర మీద పొరుగు పేరు పక్కన తన పెట్టే పెద్ద అని చూసుకోవాలి, అంతే.

ఇక్కడ ఈ ప్రోటోకాల్‌లో ఒక మాయ ఉంది. రెండు కొసల్లో రెండు రకాలుగా పెట్టినా, పెట్టెలు ఒకదానికొకటి పంపుకునే నమస్కారాలు ఆగవు. రెండువైపులా తెర మీద ఫుల్ అనే పడుతుంది. ఒకడేమో "మేమంతా ఒక గదిలో ఉన్నాం, నేను పెద్దని" అని రాస్తాడు. రెండోవాడు "మేమిద్దరం ఒక తాడుకి రెండు కొసలం" అని రాస్తాడు. పటం గీసేటప్పుడు ఆ రెండు ముక్కలూ అతకవు. పరిచయం నిండుగా ఉంటుంది, దారి మాత్రం ఉండదు. రేపల్లెకి నెట్ పోయింది. ఫోన్ల మీద ఫోన్లు. పరీక్ష ఫీజులు కట్టేవాళ్ళు, ఆసుపత్రులవాళ్ళు, అందరూ సుభాషిణి మీదే పడ్డారు.

మధ్యాహ్నం ఓనరుగారు మమ్మల్నందర్నీ తెనాలిలో తన గదిలో కూర్చోబెట్టారు. సుభాషిణి చెమటలు కక్కుకుంటూ వచ్చింది.

"నా దగ్గర ఫుల్ చూపిస్తోంది కదండి. ఇక నా తప్పేముంది? అంతా రేపల్లె వైపే" అన్నాడు ఆయన.

"నా దగ్గరా ఫుల్లేనండి" అంది సుభాషిణి. "ఫుల్లంటే పరిచయం కుదిరిందని. దారి తెలిసిందని కాదు. మీ కొసన టైపు ఒక్కసారి చూడండి సార్, అది గది లెక్క ఉండి ఉంటుంది."

ఆయన ముఖంలో రంగు మారలేదు. నెమ్మదిగా లేచి "బాత్రూంకి వెళ్ళొస్తానండి" అన్నాడు. అసిస్టెంటు వెనకే లేచాడు. నేను మంచినీళ్ళ కోసం వరండాలోకి వచ్చాను. బాత్రూం ఎడమవైపు. ఆయన కుడివైపు తిరిగాడు. సర్వర్ రూంకి అద్దం తలుపు. లోపల ఆయన వంగి కీబోర్డు కొడుతున్నాడు. అసిస్టెంటు తలుపుకి అడ్డంగా నిలబడి వరండాలోకి చూస్తున్నాడు. నన్ను చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు.

ఇద్దరూ తిరిగొచ్చారు. ఆయన కూర్చుని రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. పొడి చేతులు. వేలు వేలూ. ఇంతలో రేపల్లె నుంచి ఫోన్, నెట్ వచ్చిందని. "చూశారా, గట్టిగా అడిగేసరికి ఆ వైపు ఎవరితోనో సరిచేయించింది" అన్నాడు సుభాషిణి వైపు గడ్డం ఎగరేస్తూ.

కోపమొస్తే నాకు గొంతు వణుకుతుంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. పుట్టుకతో వచ్చిన దరిద్రం. అలాగే వణుకుతూ లేచి, "సార్, మీరు ఇప్పుడు సర్వర్ రూంలోంచి వచ్చారు. లాగ్ చూపించండి" అన్నాను. ఎవరు ఏం మార్చారో పెట్టె లోపల తనకు తానే రాసుకుంటుంది, దాన్ని లాగ్ అంటాం.

ఆయన కళ్ళు పెద్దవి చేసి గది చుట్టూ చూశాడు. "బాత్రూంకి వెళ్ళొచ్చిన మగాణ్ణి పట్టుకుని లాగు చూపించమంటుందేంటండి ఈ అమ్మాయి!"

గది గొల్లుమంది. ఓనరుగారు బల్ల మీద చరుస్తూ నవ్వారు. నవ్వు ఆగబోతే ఎవరో మళ్ళీ "లాగు" అన్నారు, మళ్ళీ మొదలైంది. నేను నిలబడే ఉన్నాను. లాగ్ అన్న మాట మళ్ళీ నోరెత్తి అనడానికి ఆ గదిలో దారి లేదు. అన్నాను కూడా, ఇంకా గట్టిగా నవ్వారు. "వదిలెయ్యమ్మా, ఇప్పుడు పనిచేస్తోంది కదా" అన్నారు ఓనరుగారు కళ్ళు తుడుచుకుంటూ. మర్నాడు ఆ పెట్టెని రీస్టార్ట్ చేశారు. లోపల రాసుకున్నదంతా పోయింది. ఆ వారమే సుభాషిణి ఉద్యోగం కూడా పోయింది. ఒక మనిషి బతుకుని ఒక వెకిలి మాటతో తుడిచెయ్యడం నేను అప్పుడే చూశాను. ఇప్పటికీ ఎవరైనా లాగు అంటే, చిన్నపిల్లాడి లాగు అయినా సరే, నాకు కంపరం పుడుతుంది.

పెద్దకర్మ జరిగే కళ్యాణ మండపంలో ఎయిర్ కండిషన్ బాగా పెట్టారు. ఫోటోకి దండ, ముందు అగరొత్తులు. లోపలి నుంచి గారెల వాసన. ఓనరుగారు మాట్లాడారు: ఆయన లేకపోతే మూడు ఊళ్ళకీ నెట్ అంటే ఏమిటో తెలిసేది కాదన్నారు. ఒకాయన దుగ్గిరాల నుంచి వచ్చి, సార్ మా పసుపు కొట్టుకి స్వయంగా వైరు లాగారని చెప్పి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నిజమే అయ్యుంటుంది. ఆ వైరుని పళ్ళతోనే ఒలిచి ఉంటాడు.

సభ నడిపింది అసిస్టెంటు. ఇప్పుడు అసిస్టెంటు కాదు, హెడ్డు. ఆయన పోయిన రోజు మధ్యాహ్నానికే ఆ కుర్చీలో కూర్చున్నాడట. రొయ్యల మేత కంపెనీ నుంచి వచ్చే ఫోన్ ఎత్తాల్సింది కూడా ఇతనే. "బాపట్ల మేడమ్ రెండు ముక్కలు మాట్లాడతారు" అని మైకు నా చేతికిచ్చాడు.

రెండు ముక్కలే మాట్లాడాను. "రేపల్లె లింకు పడిపోయిన రోజున తప్పు సుభాషిణిది కాదండి. తెనాలి వైపు టైపు తప్పు పెట్టారు. మీటింగు మధ్యలో బాత్రూం అని చెప్పి సర్వర్ రూంకి వెళ్ళి ఆయనే మార్చుకున్నారు. నేను చూశాను. ఇక్కడ ఇంకొకరు కూడా చూశారు. వాళ్ళూ చెప్పాలి."

గొంతు వణికింది. కళ్ళు నిండాయి. ఛీ, ఈ కళ్ళు.

అందరూ వింటున్నారు. కొత్త హెడ్డు నా దగ్గరికొచ్చి, చాలా మెత్తగా, మైకు నా చేతిలోంచి తీసుకున్నాడు. "మేడమ్ చాలా బాధలో ఉన్నారండి. సార్‌తో అంత అనుబంధం. ఇలాంటప్పుడు మనిషి ఏదేదో అంటారు, మనం అర్థం చేసుకోవాలి" అన్నాడు. తలలు ఊగాయి. ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచి నా వీపు నిమిరి, "ఊరుకో తల్లీ, ఊరుకో" అని మంచినీళ్ళ గ్లాసు చేతిలో పెట్టింది. అతను మైకు పక్కకి తిప్పి, నాకు మాత్రమే వినపడేలా, "ఏదన్నా ఉంటే నాతో చెప్పండి మేడమ్. అందరితో ఎందుకు? నేను చెప్తాను కదా" అన్నాడు. అని, జేబులోంచి రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. వేలు వేలూ విడదీసి.

గ్లాసు కుర్చీ కింద పెట్టి బయటికి వచ్చేశాను. భోజనం చెయ్యలేదు.

స్టేషన్లో సుభాషిణి కూర్చుని ఉంది. మండపానికి రానంది గాని, ఇంట్లో కూర్చోలేక రేపల్లె బండిలో తెనాలి దాకా వచ్చేసింది. నన్ను చూడగానే లేచింది.

"చెప్పావా అక్కా?"

"చెప్పాను."

"అందరూ విన్నారా?"

"విన్నారు. చివరి వరసదాకా విన్నారు."

"ఏమన్నారు?"

ఆ పెద్దావిడ చెయ్యి ఇంకా నా వీపు మీద ఉన్నట్టే ఉంది. "నేను ఆయన కోసం ఏడుస్తున్నాననుకున్నారే" అన్నాను.

సుభాషిణి పట్టాల వైపు తిరిగింది. "అయితే ఫుల్లన్నమాట" అంది.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, బ్యాగులోంచి ఫోన్ తీసి, నేను అడిగేలోపే నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది.

"సార్, నమస్తే అండి. నేను సుభాషిణిని. తెనాలికి ఫోన్ చేసి నా గురించి కనుక్కుంటానన్నారు కదండి. కనుక్కోకండి. ఆ రోజు ఏం జరిగిందో రేపొచ్చి మీ ఎదురుగా కూర్చుని నేనే చెప్తాను. మీరూ నేనూ, అంతే. మధ్యలో ఇంకెవరూ వద్దు సార్. విన్నాక ఉద్యోగం ఇస్తారో లేదో మీ ఇష్టం."